పచ్చన్న పలారం

ఆ రోజుల్లో మా ఇంట్లో దయ్యాలకు ఎవరూ భయపడేవాళ్లు కాదు కాని, రంగులకు మాత్రం అందరూ భయపడేవాళ్లు. గల్ఫ్‌లో, ఖతీఫ్ అనే ఊళ్లో, సముద్రానికి ఆనుకుని మా వీధి ఉండేది. ఒక పక్క ఖర్జూరపు తోటలు, ఇంకో పక్క చేపల వాసన, మధ్యలో సున్నం పెచ్చులూడిన ఇళ్లు. వాటిలో మాది కాక నాలుగు తెలుగు కుటుంబాలు, ఆ చివర జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు నుంచి వచ్చిన బ్యాచిలర్ల గదులు (అందరూ పెళ్లయినవాళ్లే, పిల్లలున్నవాళ్లే, భార్య ఊళ్లో ఉంటే గల్ఫ్‌లో మగవాడు మళ్లీ బ్యాచిలర్ అయిపోతాడు). ఆ తర్వాత కొన్నేళ్లకు, కుటుంబంలో మనిషికింత అని రుసుము కట్టాలని సర్కారు అనడంతో అమ్మలూ పిల్లలూ ఒక్కో ఇల్లూ ఖాళీ చేసి విమానమెక్కారు. మేమూ ఎక్కాం. ఇప్పుడు ఆ వీధిలో తెలుగులో తిట్టినా తిరిగి చూసే పిల్లవాడు ఉండడు. నేను చెప్పబోయేది అంతకు ముందు, నితాఖత్ కొత్తగా వచ్చినప్పటి సంగతి. అప్పటికి నాకు పదమూడేళ్లు. ఇందులో నా పాత్ర ఏమంత గొప్పది కాదు. ఇన్నేళ్లూ ఈ కథ ఎవరికి చెప్పినా నా వాటా తప్పు కొంచెం తగ్గించి చెబుతూ వచ్చాను. ఈసారి తగ్గించను.

మా బాపు ఏసీలు బాగుచేసే దుకాణంలో పెద్ద మిస్త్రీ. మొత్తం పదకొండు మంది పనివాళ్లు; అందరి వీసాలూ కఫీల్ పేరు మీద, అంటే దుకాణం యజమాని అయిన ఒక ముసలాయన పేరు మీద ఉండేవి. దుకాణంలో ఆ దేశపు మనిషి ఒక్కడు కూడా పనిచేసేవాడు కాదు. నితాఖత్ అనే సర్కారు చట్టం వచ్చాక లెక్క మారింది. సొంత దేశపువాళ్లకు ఉద్యోగం ఇచ్చిన కంపెనీకి పచ్చరంగు, ఇవ్వని కంపెనీకి ఎర్రరంగు. ఎర్రరంగు పడితే పనివాళ్ల ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, మళ్లీ కొత్తది కాదు. కార్డు లేకపోతే పెట్టె సర్దుకోవడమే. బాపు కార్డు గడువు ఇంకో నెలన్నరలో అయిపోతుంది. అది పోతే ఆయన వెంట అమ్మ, నేను, చెల్లె, నా బడి అన్నీ పోతాయి. అప్పుడు ఆ ముసలాయన తన అన్న కొడుకును ఒకణ్ణి తీసుకొచ్చి దుకాణంలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఇరవై రెండేళ్లవాడు, జాలరి కుటుంబం, చెయ్యి తిప్పితే వల విసిరినట్టు ఉండేది. వాడు కూర్చున్న మరునాడే దుకాణం రంగు పచ్చబడింది కాబట్టి మావాళ్లు వాడికి పచ్చన్న అని పేరు పెట్టేశారు.

పచ్చన్న పని కూర్చోవడం. మావాళ్ల పని వాడు లేచి పోకుండా చూసుకోవడం. మా వీధి మొత్తం ఆ పనిని ఒక యజ్ఞంలా మొదలుపెట్టింది. "కొత్తల్లుడిని సూస్కున్నట్టు సూస్కోవాలె" అని బాపు తీర్మానం చేశాడు. దాన్ని బలపరిచినవాడు కంప్రెసర్ మామ (కోరుట్ల మనిషి, మాట మొదలుపెడితే మధ్యలో ఆగి, ఒకసారి ఊగి, మళ్లీ మొదలయ్యేవాడు). పచ్చన్న దుకాణంలోకి రాగానే పదకొండు మందీ లేచి నిలబడేవాళ్లు. వాడి ముందు నవ్వేవాళ్లు కాదు, తినేవాళ్లు అసలే కాదు. పెద్దమనిషి ముందు తినడం మర్యాద కాదని వెనక గదికి ఒక పరదా కట్టుకుని, చాయ్ తాగినా బిస్కెట్ తిన్నా దాని వెనకే కానిచ్చేవాళ్లు. ఇక ఆడవాళ్లు, రోజుకొక ఇంటి వంతు చొప్పున, సాయంత్రం, మగవాళ్లంతా రిపేర్లకు బయటికి వెళ్లి వాడొక్కడే ఉన్న వేళ, వాడికి పలారం పంపాలని అనుకున్నారు. మోసుకెళ్లడానికి నన్ను పెట్టారు. వీధిలో జాలరి పిల్లలతో ఫుట్‌బాల్ ఆడీ ఆడీ నాకు అరబ్బీ గలగలా వచ్చు. బాపుకు వచ్చిన అరబ్బీ 'మాఫీ ముష్కిల్' అన్న రెండు ముక్కలు. ఏమీ ఇబ్బంది లేదు అని దానికి అర్థం. ఎన్ని ఇబ్బందులున్నా ఆయన ఆ రెండు ముక్కలతోనే నెట్టుకొచ్చేవాడు.

మొదటి రోజు మాత్రం నేను నిజాయితీగానే వెళ్లాను. అమ్మ చేసిన సర్వపిండి, వేడివేడిగా. పచ్చన్న ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. పచ్చిమిరపకాయ తగిలింది. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. సీసాడు నీళ్లు తాగి, దగ్గుతూ నవ్వుతూ, డబ్బా నా వైపు తోసి "నువ్వు తిను" అన్నాడు. తిన్నాను. ఇంటికి వెళితే అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "తిన్నడారా?" అంది. ఆమె మొహం చూస్తే లేదనడానికి నోరు రాలేదు. "మొత్తం తిన్నడమ్మా, ఇంకా ఉన్నయా అని అడిగిండు" అన్నాను. అమ్మ ఎంత సంతోషపడిందంటే, ఆ అబద్ధం నాకు అబద్ధంలా కాక ఏదో పుణ్యకార్యంలా అనిపించింది.

రెండో రోజు నుంచి దుకాణం దాకా నడవడం దండగ అనిపించింది. దారిలో ఇసుక మీద బోర్లించిన పాత పడవ ఒకటి ఉండేది. దాని నీడలో కూర్చుని, అలల మోత వింటూ, పచ్చన్న తరఫున నేనే తినేవాణ్ణి. అంతటితో ఆగితే బాగుండేది. వాడికి ఏది ఇష్టమో కూడా నేనే చెప్పడం మొదలుపెట్టాను. కారం పడదట, బచ్చాలంటే ప్రాణమట (బొబ్బట్లను మా వైపు బచ్చాలంటాం), గరిజెల్లో కొబ్బరి ఎక్కువుండాలట, మలీద ముద్దల్లో బెల్లం తగ్గకూడదట. నాలుగిళ్ల ఆడవాళ్లు ఈ వివరాలను పరీక్ష ప్రశ్నల్లా బట్టీపట్టేవాళ్లు. "అరబ్బు పోరనికి మన నాలికనే ఉన్నది సూడక్కా" అని ఆశ్చర్యపోయేవాళ్లు. మూడు వారాల్లో నా బడి ప్యాంటు హుక్కు రెండుసార్లు ఊడింది. "వీనికి గాలి పీల్చినా ఒంటికి పడుతుంది" అని అమ్మ దాన్ని కుడుతూ మురిసిపోయింది.

ఒకసారి పట్టుబడబోయాను. దుకాణం తాళాలివ్వడానికి పచ్చన్న మా ఇంటికి వచ్చాడు. అమ్మ కొంగు సర్దుకుని తలుపు పక్కన నిలబడి, "బచ్చాలు ఎట్లున్నయో అడుగురా" అంది. నేను వాడి వైపు తిరిగి అరబ్బీలో, "మీ అమ్మ ఎలా ఉంది అని మా అమ్మ అడుగుతోంది" అన్నాను. వాడు గుండె మీద చెయ్యి పెట్టుకుని "అల్‌హమ్‌దులిల్లా" అన్నాడు. ఆ మాట అర్థం కావడానికి అమ్మకు దుబాసీ అక్కరలేదు, మొహం వెలిగిపోయింది. "ఇంకేమన్న చెయ్యాల్నా అడుగు" అంది. నేను, "శుక్రవారం చేపలకు వెళుతున్నావా?" అని అడిగాను. వాడు తల అడ్డంగా ఊపి, "ఎక్కడ వెళ్లనిస్తున్నారు! కుర్చీలో కూర్చుని సముద్రం వాసన కూడా మరిచిపోయాను" అని దిగులుగా వెళ్లిపోయాడు. అమ్మ కంగారుపడి, "ఎందుకురా గట్ల మొహం ఏలేసిండు?" అంది. "నెయ్యి తక్కువైందట" అన్నాను. (ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. ఆ నెలలో అమ్మ తను రొట్టెకు రాసుకునే నెయ్యి మానేసి వాడి డబ్బాలో పోసిందని నాకు తర్వాత తెలిసింది.)

బాపు కార్డు కొత్తది కావడానికి ఇంకో రెండు వారాలు ఉందనగా, ఒక గురువారం మధ్యాహ్నం పచ్చన్న మళ్లీ మా ఇంటికి వచ్చాడు. బాపు, కంప్రెసర్ మామ చాప మీద కూర్చుని ఉన్నారు. ఇద్దరూ దిగ్గున లేచి నిలబడ్డారు. అది చూసి వాడు ఇంకా ముడుచుకుపోయాడు. నా భుజం మీద చెయ్యి వేసి, గబగబా చెప్పాడు. "మీ నాన్నకు చెప్పు. శనివారం నుంచి నేను రాను. బాబాయికి కాగితం ఇచ్చేస్తాను. మూడు వారాలు ఆ కుర్చీలో కూర్చున్నాను. నేను రాగానే అందరి నవ్వులూ ఆగిపోతాయి. పరదా వెనక్కి వెళ్లి నవ్వుకుంటారు, తింటారు. మా ఇళ్లలో వాకిట్లో నిలబడ్డ కొత్తవాణ్ణి కూడా రా, చెయ్యి కడుక్కో అంటాం. ఇక్కడ ఒక్కరోజు ఒక్కరు నన్ను పిలవలేదు. మొదటి రోజు నువ్వు తెచ్చిన ఆ కారం ముక్క తప్ప ఒక్క ముద్ద పెట్టలేదు. నేనంటే మీవాళ్లకు అసహ్యమైతే ఆ మాట చెప్పేస్తే పోయేది కదా."

"ఏమంటుండురా?" అన్నాడు బాపు.

ఒక్క ముద్ద పెట్టలేదన్న మాట తెలుగులోకి మారిస్తే ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు. పడవ నీడ, నాలుగిళ్ల డబ్బాలు, ప్యాంటు హుక్కు అన్నీ కళ్ల ముందు తిరిగాయి. "రెండు దినాలు సెలవు కావాల్నట" అన్నాను.

బాపుకు ప్రాణం లేచొచ్చింది. రెండు చేతులూ చాపి, "మాఫీ ముష్కిల్! మాఫీ ముష్కిల్!" అన్నాడు. మామ కూడా ఊగి అందుకున్నాడు. "రెండెందుకురా, నాలుగు దినాలు పోయి రమ్మను. పాపం కూసోని కూసోని నడుం పట్టుకపోయి ఉంటది." పచ్చన్న ఒకసారి బాపు మొహంలోకి చూశాడు. ఉండిపో అంటారేమో అనుకుని వచ్చినట్టున్నాడు. పోతాను అంటే ఇంత సంబరపడే మనుషులను చూసి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అమ్మ గరిజెల డబ్బా ఇచ్చి, "పచ్చన్న సెలవుల ఉన్నడు గదా, ఇయ్యాల నువ్వు తినురా" అంది. మూడు వారాల్లో నాకు నా పేరు మీద వచ్చిన మొదటి డబ్బా అది. ఒక్కటి కూడా మింగుడు పడలేదు. వద్దన్నాను. అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఏమయ్యా, గిటు రా! పోరడు గరిజెలు వద్దంటుండు, ఏమో అయింది" అని బాపును కేకేసింది. బాపు వచ్చి నా ముందు గొంతుకూర్చున్నాడు. ఆయన అడగలేదు, కొట్టలేదు, ఊరికే చూశాడు. మొత్తం చెప్పేశాను. శనివారం నుంచి పచ్చన్న రాడని, కాగితం ఇస్తాడని కూడా చెప్పాను. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. బాపు లేచి, "చెప్పులేస్కో" అన్నాడు.

చాచా పికప్‌లో రేవుకు వెళ్లాం. చాచా దుకాణం డ్రైవర్, హైదరాబాద్ మనిషి. సంగతి విని, "వాహ్ బేటా! మేం పదకొండు మంది కష్టపడి ఒక్క మనిషిని ఆపితే, నువ్వు ఒక్కనివే పదకొండు మందిని పంపుతున్నవ్" అన్నాడు. ఇంకా ఎండ ఉంది. రేవులో పచ్చన్న తన అన్నదమ్ములతో కూర్చుని, తీగెతో అల్లిన చేపల బుట్టలు బాగుచేస్తున్నాడు. బాపు వాడి ముందు నిలబడి, నా వైపు చూడకుండా అన్నాడు: "నేను చెప్పేది ఒక్క అక్షరం మారకుండ చెప్పు. మార్చినవో, గా నీళ్లల్ల ఏస్త. ముందుగాల, నా కొడుకు దొంగ అని చెప్పు."

చెప్పాను. నా జీవితంలో అంత కచ్చితమైన అనువాదం మళ్లీ చేయలేదు.

"రోజూ నీకు పంపిన పలారం వీడు తిన్నడని చెప్పు. మేం నిలబడ్డది గౌరవానికని చెప్పు. మాకాడ అల్లుడొస్తె ముందు అల్లుడు తింటడు. మేం నిలబడి పెడతం. ఆయన తిన్నంక లోపట కూసొని మేం తింటం. గదే మాకు తెల్సిన మర్యాద. అసహ్యం కాదని చెప్పు." బాపు ఒక అడుగు ముందుకేశాడు. "కార్డు కోసం రమ్మంటలేనని చెప్పు. అది దేవుని దయ. తినకుండ పోయినవని తెల్సి వచ్చిన, గంతే."

పచ్చన్న మొత్తం విన్నాడు. ముందు అడిగింది కార్డు గురించీ కాదు, గౌరవం గురించీ కాదు. "ఒక్కణ్ణే కూర్చోబెట్టి, అందరూ నిలబడి చూస్తుంటే, అల్లుడికి ముద్ద ఎలా దిగుతుంది? మా దగ్గర అది శిక్ష" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "అన్నీ నువ్వే తిన్నావా? మూడు వారాలూ?" అన్నాడు. తల ఊపాను. వాడు నా పొట్ట మీద వేలితో ఒక పోటు పొడిచి, అన్నదమ్ములకు సంగతి చెప్పాడు. అందరూ బుట్టలు వదిలేసి పడీ పడీ నవ్వారు. నవ్వు ఆగాక లోపలి నుంచి ఒక పెద్ద పళ్లెం తెచ్చి ఇసుకలో పరిచిన చాప మీద పెట్టారు. అన్నం, దాని మీద కాల్చిన చేపలు. అందరికీ కలిపి ఒక్కటే పళ్లెం. పచ్చన్న బాపు చెయ్యి పట్టుకుని కూర్చోమన్నాడు.

మా బాపు సంగతి మీకు చెప్పాలి. ఎంగిలి అంటే ఆయనకు పడదు. సీసాకు మూతి పెట్టి తాగిన నీళ్లు ముట్టడు. అమ్మ కూర రుచి చూసిన గంటె మళ్లీ గిన్నెలో పెడితే ఆ పూట పెరుగుతో కానిచ్చేవాడు. నేను కొరికిన జామకాయ, కన్నకొడుకు కొరికిన జామకాయ, ఆయన ఎన్నడూ తినలేదు. ఆ పళ్లెంలో అప్పటికే నాలుగు చేతులు దిగాయి. బాపు కూర్చున్నాడు. చూపుడు వేలితో అన్నంలో తన ముందు చిన్న గీత గీసుకుని, గీతకు ఇవతల ఒక ముద్ద కలుపుకున్నాడు. పచ్చన్న తన చేప పొట్ట దగ్గర మెత్తటి ముక్క తీసి, ముల్లు లేకుండా చిదిమి, ఆ గీత దాటించి బాపు వైపు పెట్టాడు. తను తింటున్న చేత్తోనే. బాపు చెయ్యి ఆగింది. బాపు కళ్లు మూసుకున్నాడు, తిన్నాడు, కళ్లు తెరిచాడు. కాసేపటికి తన చేపలోంచి ఒక ముక్క తీసి, గీత మీదుగా అవతలికి తోశాడు. గీత చెరిగిపోయింది. "శనివారం వస్తాను" అన్నాడు పచ్చన్న. "ఆ పరదా మాత్రం తీసేయండి."

శనివారం పరదా తీసి, దుకాణం నడుమ చాచా తెచ్చిన తాంబాళం పెట్టి, అమ్మ పంపిన పప్పన్నం అందులో కుమ్మరించారు. కంప్రెసర్ మామ గోడకు అతుక్కుని, "అందరి చేతులు ఒక్క దాంట్ల... ఎంగిలి గాదుర?" అని నసిగాడు. "కార్డు పోతే కోరుట్లల కూసొని ఎంత మడి కట్టుకుంటవో కట్టుకుందువు గని, ఇప్పుడు చెయ్యి పెట్టు మామా" అన్నాడు బాపు. "అరే భాయ్, ఒక్క తాంబాళంల తింటె దోస్తీ అయితది, జులాబులు గావు" అని చాచా ముందుగా కూర్చున్నాడు. అందరూ కూర్చుని, ఎవరి ముందు వాళ్లు గీతలు గీసుకున్నారు. ఇది జగిత్యాల, ఇది మెట్‌పల్లి అని సరిహద్దులు చెప్పుకున్నారు. పప్పు పలచగా ఉండటం వల్ల ఏ సరిహద్దూ నిలవలేదు. పచ్చన్న ముద్ద చేయడం రాక మోచేతి దాకా కార్చుకుంటుంటే మామే వేళ్లు ఎలా ముడవాలో నేర్పించాడు, తన ముద్దతోనే.

నాకు అమ్మ శిక్ష వేసింది. నాలుగిళ్లకూ ఒక్కణ్ణే వెళ్లి, వాకిట్లో నిలబడి, "మీరు పంపినయి నేనే తిన్న" అని చెప్పి రావాలి. మూడిళ్లలో తల దించుకుని చెప్పి, తిట్లు తిని వచ్చాను. నాలుగో ఇంటి పెద్దమ్మ మొత్తం విని, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "అయితే చెప్పు. గరిజెల్ల కొబ్బరి సరిపోయిందా?" అంది. "సరిపోయింది పెద్దమ్మా" అన్నాను. అప్పుడు ఏడ్చాను. అంతవరకు ఏడవలేదు.

రెండు వారాలకు కార్డు వచ్చింది. దాన్ని తీసుకుని పచ్చన్నే మా ఇంటికి వచ్చాడు. అమ్మ పాతకాలపు అలవాటు చొప్పున తలుపు పక్కన నిలబడి, "చల్లగుండు బిడ్డా అని చెప్పురా" అంది నాతో. నేను గొంతు సవరించుకుని, ఈసారి మాట మార్చకుండా అరబ్బీలో చెప్పబోయాను. పచ్చన్న నన్ను పక్కకు జరిపాడు. రోజూ తాంబాళం చుట్టూ కూర్చుని ఎప్పుడు నేర్చుకున్నాడో, నేరుగా అమ్మతో, అచ్చం కంప్రెసర్ మామ యాసలో, మామ లాగే మధ్యలో ఆగి ఊగుతూ అన్నాడు: "అమ్మా... ఆకలైతుంది. ఏమన్న... పెడ్తవా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. బాపు నవ్వీ నవ్వీ గోడ పట్టుకున్నాడు. నేను మాత్రం గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడ్డాను. నితాఖత్ దెబ్బకు మా వీధి మొత్తంలో ఉద్యోగం పోయింది నా ఒక్కడికే. పోయిన ఉద్యోగం ఆ దేశపు మనిషికే దక్కింది, దాన్ని నాకన్నా నిజాయితీగా చేశాడు కూడా. వాడు ఆ తర్వాత ఏడాది పాటు ఆ కుర్చీలో ఉండి, మాట నిలుపుకుని, మళ్లీ పడవెక్కాడు. ఆ రోజు వంటింట్లో కూర్చుని వాడు తింటుంటే, చేతులు కట్టుకుని నిలబడి చూసిన ఆ పదమూడేళ్ల బొద్దు పిల్లవాడు ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వాడి మీద నాకు కోపం రావాలి. కాని వాడి ప్యాంటు హుక్కు గుర్తుకు రాగానే నవ్వొస్తుంది, ఆ నవ్వు చివర అమ్మ మానేసిన నెయ్యి గుర్తొచ్చి, నవ్వు కాస్త నెమ్మదిస్తుంది.